పిల్లల పెంపకం మీద క్రైస్తవ పుస్తకాలు: మన డెల్టా ఇళ్లలో ఏది, ఎప్పుడు, ఎలా చదవాలి

పాలకొల్లు, నరసాపురం, అమలాపురం వైపు ఏ సంఘంలో స్త్రీల కూటానికి వెళ్లినా ప్రార్థన మనవుల్లో చాలావరకు పిల్లల గురించే ఉంటాయి. ఇంటర్ చదివేవాడు మాట వినడం లేదు. పాప ఫోన్ వదలడం లేదు. తల్లి కువైట్‌లో ఉంది, పిల్లలు మామ్మ దగ్గర పెరుగుతున్నారు. అందరం ప్రార్థన చేస్తాం, కళ్లు తుడుచుకుంటాం. ఇంటికి వెళ్లాక ఏం చేయాలన్నది మాత్రం అలాగే మిగిలిపోతుంది.

దీని మీద మంచి పుస్తకాలు ఉన్నాయి. చిక్కల్లా పేరున్న వాటిలో ఎక్కువ భాగం అమెరికాలో రాసినవి కావడం. అమ్మానాన్నలు ఒకే ఇంట్లో ఉంటారు, పిల్లలకు విడిగా గది ఉంటుంది, సాయంత్రం అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు అనుకుని ఆ రచయితలు రాశారు. రాత్రిళ్లు రొయ్యల చెరువు మీద కాపలా ఉండే నాన్న, గల్ఫ్‌లో పనిచేసే అమ్మ వాళ్ల లెక్కలోకి రాలేదు. అందుకే ఇక్కడ పుస్తకాల పేర్లతో సరిపెట్టకుండా, వాటిని మన ఇంటికి సరిపడేలా ఎలా చదవాలో కూడా రాస్తున్నాను. నన్నడిగితే అసలు పని అదే.

మొదటి అడుగు: కొనేముందు ఒక కాగితం మీద రాసుకోండి

మూడు సంగతులు చాలు. పిల్లవాడి వయసు. వాణ్ణి రోజూ చూసుకునే మనిషి ఎవరు. ఈ నెలలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ఒకే ఒక్క సమస్య.

సమస్యను కంటికి కనిపించేలా రాయాలి. "వాడు చెడిపోతున్నాడు" అని రాస్తే ఏ పుస్తకమూ సాయం చేయలేదు. "ట్యూషన్ నుంచి వచ్చాక రాత్రి పదకొండు దాకా ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడు, లాక్కుంటే తలుపు వేసుకుని అన్నం మానేస్తున్నాడు" అని రాస్తే ఏ పుస్తకంలో ఏ అధ్యాయం తీయాలో మీకే తెలుస్తుంది.

రెండో సంగతి దగ్గర చాలామంది మొహమాటపడతారు. కాగితం మీద తండ్రి పేరే రాస్తారు, పెంచేది మాత్రం అమ్మమ్మ. ఉన్నదున్నట్టు రాయండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తిమోతి విశ్వాసం గురించి చెబుతూ పౌలు తలచుకున్నది అవ్వ లోయిని, తల్లి యునీకేని. తండ్రి గ్రీసు దేశస్థుడని మాత్రం అపొస్తలుల కార్యముల్లో ఉంది. తల్లీ పిల్లలూ మందిరానికి వస్తే తండ్రి గేటు దగ్గర బండి మీదే కూర్చునే ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. మామ్మ పెంచుతున్న ఇంట్లో పుస్తకం చదవాల్సింది మామ్మ. చూపు ఆనకపోతే ఎవరైనా చదివి వినిపించాలి.

రెండో అడుగు: వయసును బట్టి ఎంచుకోండి

ఐదేళ్లలోపు పిల్లలుంటే మొదట రాస్ క్యాంప్‌బెల్ రాసిన 'హౌ టు రియల్లీ లవ్ యువర్ చైల్డ్' చదవండి. ఆయన మానసిక వైద్యుడు, పుస్తకం 1977 నాటిది. తల్లిదండ్రులకు ప్రేమ ఉంటుంది గానీ అది పిల్లవాడిదాకా చేరుతోందా అన్నదే ఆయన ప్రశ్న. చేరడానికి ఆయన చెప్పే దారులు ప్రధానంగా మూడు: కళ్లలోకి చూసి మాట్లాడటం, దగ్గరకు తీసుకోవడం, వేరే పని పక్కన పెట్టి కాసేపు పూర్తిగా వాడితోనే ఉండటం. చదువుతుంటే ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. తప్పు చేసినప్పుడు తప్ప మనం పిల్లల కళ్లలోకి సూటిగా ఎన్నిసార్లు చూస్తున్నామో ఒక్క రోజు గమనించుకుంటే ఆయన ఆ సంగతికి అంత చోటు ఎందుకు ఇచ్చాడో అర్థమవుతుంది.

ఐదు నుంచి పన్నెండేళ్ల వయసుకు టెడ్ ట్రిప్ రాసిన 'షెపర్డింగ్ ఎ చైల్డ్స్ హార్ట్' బాగా పేరున్నది. 1995లో వచ్చింది. పైకి కనిపించే ప్రవర్తన హృదయంలోంచి వస్తుంది కాబట్టి ప్రవర్తన ఒక్కటే దిద్ది ఊరుకుంటే చాలదు అన్నది పుస్తకమంతటికీ మూలం. చెల్లెలి చేతిలోంచి బొమ్మ లాక్కున్నాడు. "ముందు ఎవరు తీసుకున్నారు?" అని తీర్పు చెబితే గొడవ అప్పటికి ఆగుతుంది. ఇద్దరిలోనూ ఉన్న స్వార్థం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ ఉదాహరణ ఒక్కదానికైనా పుస్తకం కొనవచ్చు. పసితనం, బాల్యం, టీనేజీ అని మూడు దశలుగా విడగొట్టి ఒక్కో దశలో ముఖ్యంగా ఏం చూడాలో చెప్పిన భాగం కూడా పనికొస్తుంది. దెబ్బల గురించి ఆయన రాసింది నేను ఒప్పుకోను. ఆ సంగతి కింద వేరుగా రాశాను.

గ్యారీ చాప్‌మన్, రాస్ క్యాంప్‌బెల్ కలిసి 1997లో తెచ్చిన 'ది ఫైవ్ లవ్ లాంగ్వేజెస్ ఆఫ్ చిల్డ్రన్' చదవడానికి తేలిక. స్పర్శ, మెచ్చుకోలు మాట, సమయం, బహుమతి, సేవ అనే ఐదు రకాలుగా పిల్లలకు ప్రేమ అందుతుందని, ఒక్కో పిల్లవాడికి ఒక్కోటి ఎక్కువ అందుతుందని చెబుతారు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో ఇది తప్పక చదవాలి. రెండేళ్లకోసారి సూట్‌కేసు నిండా చాక్లెట్లు, బట్టలు, కొత్త ఫోను వస్తాయి. ఐదింటిలో బహుమతి ఒక్కటే పొంగిపొర్లుతుంది, మిగతా నాలుగూ ఎండిపోతాయి. తల్లి అక్కడ ఎంత కష్టపడి కొన్నదో పిల్లవాడికి తెలియదు, వాడికి కనిపించేది ఫోను మోడల్ ఒక్కటే.

టీనేజీ పిల్లల కోసం టెడ్ తమ్ముడు పాల్ డేవిడ్ ట్రిప్ 1997లో రాసిన 'ఏజ్ ఆఫ్ ఆపర్చునిటీ' ఉంది. ఈ జాబితాలో ఒక్కటే కొనగలిగితే ఏది అంటే నేను దీన్నే చెబుతాను. ఆ వయసును గడిచిపోతే చాలు అనుకునే గండంలా చూడవద్దని, పిల్లల హృదయం తెరుచుకునే అవకాశంగా చూడమని ఆయన వాదన. మొదట్లోనే పిల్లల్ని వదిలి తల్లిదండ్రుల మీదకు వస్తాడు. సుఖం, గౌరవం, మెప్పు, విజయం, అదుపు అనే ఐదు విగ్రహాలు మన మనసులో ఉండి పిల్లలతో మాటను చెడగొడతాయని అంటాడు. విజయం అన్న చోట కాస్త ఆగి చదవండి. పదో తరగతి అయిన వెంటనే పిల్లవాణ్ణి విజయవాడ హాస్టల్లో వేసి, ర్యాంకు వస్తే ఊళ్లో ఫ్లెక్సీ, రాకపోతే బంధువుల పెళ్లికి వెళ్లడానికి కూడా ముఖం చెల్లని పరిస్థితి మనది. ఆ టెన్షన్ వాడి భవిష్యత్తు కోసమా, మన పరువు కోసమా? ఆ అధ్యాయం అయ్యేసరికి జవాబు తప్పించుకోలేరు.

అన్నీ సరిగ్గా చేసినా పిల్లలు దారి తప్పారని కుమిలిపోయేవాళ్లకు ఎలీస్ ఫిట్జ్‌ప్యాట్రిక్, ఆమె కూతురు జెస్సికా థాంప్సన్ 2011లో రాసిన 'గివ్ దెమ్ గ్రేస్' ఇవ్వండి. ఇంట్లో రోజూ ధర్మశాస్త్రమే వినిపిస్తూ కృప గురించి ఆదివారం మాత్రమే మాట్లాడుతున్నామా అని అది అడుగుతుంది. "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము" అన్న సామెతను గ్యారంటీ కార్డులా చూపించి తల్లులను నిందించడం మన కూటాల్లో ఉన్న చెడ్డ అలవాటు. సమూయేలు కుమారులు తండ్రి ప్రవర్తనను అనుసరించలేదని అదే బైబిలులో రాసి ఉంది.

ఫోను సమస్యకు ఆండీ క్రౌచ్ రాసిన 'ది టెక్-వైజ్ ఫ్యామిలీ' (2017) చూడండి. చిన్న పుస్తకం. రోజుకు ఒక గంట, వారానికి ఒక రోజు, ఏడాదికి ఒక వారం ఇంట్లో ఫోను, టీవీ లాంటి తెరలన్నీ ఆపేయమంటాడు. పెద్దవాళ్లు కూడా. మనకు ఆదివారం ఎలాగూ ఉంది. గుడి నుంచి వచ్చాక నాన్న రీల్స్ చూస్తూ కొడుకుని ఫోను పెట్టేయమంటే మాత్రం ఏ పుస్తకమూ పనిచేయదు.

డబ్బు పెట్టలేనివాళ్లకు జె.సి. రైల్ రాసిన 'ది డ్యూటీస్ ఆఫ్ పేరెంట్స్' ఉంది. ఆయన 19వ శతాబ్దంలో లివర్‌పూల్ బిషప్పు. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. తల్లిదండ్రులకు 17 సలహాలు ఇస్తాడు. అంత పాతకాలపు మనిషి, అంత కఠినమైన బోధకుడు మొదట్లోనే సున్నితంగా, ప్రేమతో, ఓపికతో నేర్పండి అని రాయడం చూసి ఆశ్చర్యపోతారు.

మూడో అడుగు: దొరికించుకోవడం

క్రైస్తవ పుస్తకాల షాపుకు వెళ్లినా, ఫోన్ చేసినా రచయిత పేరుతో అడగండి. తెలుగులోకి వచ్చినప్పుడు పుస్తకం పేరు పూర్తిగా మారిపోవచ్చు. లోపలి మొదటి పేజీ వెనక ఇంగ్లీషు మూలం పేరు ఉందేమో చూస్తే సరైనదో కాదో తేలిపోతుంది. డబ్బు ఇచ్చేముందు మధ్యలో ఎక్కడో ఒక పేరా పైకి చదవండి. ఊపిరి ఆడని వాక్యాలు, అర్థం కాని మాటలు ఉంటే ఆ అనువాదం ఇంట్లో ఎవరూ చదవరు. దానికన్నా డిగ్రీ చదివే అమ్మాయి ఇంగ్లీషులో చదివి ఇంట్లో తెలుగులో చెప్పడమే నయం. సండే స్కూల్ టీచర్లను, పాస్టర్ గారిని కూడా అడగండి. చాలా పాస్టర్ గార్ల బీరువాల్లో ఎవరూ తెరవని పుస్తకాలు ఉంటాయి.

నాలుగో అడుగు: పెన్సిలు పట్టుకుని చదవండి

వారానికి ఒక అధ్యాయం మించవద్దు. పక్కన బైబిలు తెరిచి ఉండాలి. రచయిత వచనం చూపించిన ప్రతిచోటా ఆ వచనం తీసి, దాని ముందూ వెనకా కూడా చదవాలి. పేజీ పక్కన రెండు గుర్తులు పెట్టుకోండి. లేఖనం నిజంగా చెబుతున్న మాటకు ఒక గుర్తు. రచయిత ఊరి అలవాటుకు ఇంకో గుర్తు. పిల్లవాడు వేరే గదిలో ఒంటరిగా పడుకోవాలి అన్నది అలవాటు. అమ్మానాన్నలే తప్ప తాతయ్య, మామ్మ కలగజేసుకోకూడదు అన్నదీ అలవాటే. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అన్నది లేఖనం, అది అట్లాంటాకీ ఆచంటకీ ఒకటే.

అధ్యాయం అయ్యాక ఆ వారం చేయాల్సిన ఒక్క పని మాత్రం రాసుకోండి. ఐదు పనులు రాసుకుంటే మంగళవారానికి అన్నీ మరిచిపోతాం.

బెత్తం సంగతి

సామెతల గ్రంథంలో బెత్తం ఉంది. టెడ్ ట్రిప్, 'డేర్ టు డిసిప్లిన్' (1970) రాసిన జేమ్స్ డాబ్సన్ లాంటివాళ్లు దాన్ని ఆధారం చేసుకుని దెబ్బలను సమర్థించారు. కోపంలో కొట్టకూడదని వాళ్లు కూడా గట్టిగానే చెప్పారు, కానీ మన ఇళ్లలో ఆ షరతు ఎవరికీ గుర్తుండదు, "బైబిల్లో ఉంది" అన్నది ఒక్కటే గుర్తుంటుంది. మైకేల్ పెర్ల్, డెబీ పెర్ల్ అనే దంపతులు 1994లో రాసిన 'టు ట్రెయిన్ అప్ ఎ చైల్డ్' ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. పసిపిల్లలను కూడా కొట్టి లొంగదీయమనే పుస్తకం అది. అమెరికాలో 2010, 2011 సంవత్సరాల్లో దెబ్బలకూ హింసకూ గురై పిల్లలు చనిపోయిన కేసుల్లో ఆ ఇళ్లలో ఈ పుస్తకం ఉన్నట్టు బయటపడింది. రచయితలు తమ బోధను వాళ్లు వక్రీకరించారన్నారు. అంత సులువుగా వక్రీకరించగల పుస్తకం మనకెందుకు?

నా సలహా: మంచి పుస్తకాల్లో కూడా దెబ్బల అధ్యాయం పక్కన పెట్టి మిగతాది చదవండి. మన పిల్లలకు దెబ్బలు తక్కువై ఏ ఇబ్బందీ రాలేదు. మాటలు తక్కువై వచ్చింది. చట్టం కూడా తెలుసుకుని ఉండండి. 2009 విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద పిల్లల బాధ్యత ఉన్నవాళ్లు వాళ్లమీద క్రూరత్వం చూపితే జైలు శిక్ష ఉంటుంది. సండే స్కూల్‌లో బెత్తం పట్టుకునే టీచర్లు కూడా ఇది చదవాలి. ఏ పిల్లవాడైనా హింసకు గురవుతున్నాడని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, సంఘం పరువు అని ఆలోచించవద్దు.

ఐదో అడుగు: పుస్తకాల్లో లేని అధ్యాయాలు మీరే రాసుకోండి

తల్లి గల్ఫ్‌లో ఉంటే ముందు టైము సర్దుకోవాలి. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే కువైట్‌లో ఆరున్నర, అప్పటికి ఆమె పని అవ్వదు. రోజూ వీడియో కాల్ కుదరకపోవచ్చు. ఆమె తనకు ఖాళీ దొరికినప్పుడు ఒక కీర్తనలో నాలుగు వచనాలు, పిల్లల పేరు పెట్టి చిన్న ప్రార్థన వాయిస్ మెసేజ్ చేస్తే పడుకోబోయేముందు మామ్మ వినిపించవచ్చు. వారానికి ఒక్క కాల్ మాత్రం మార్కులు, డబ్బులు, బంధువుల సంగతులు లేకుండా పిల్లవాడితోనే మాట్లాడాలి. క్యాంప్‌బెల్ చెప్పిన మూడింటిలో చూపు, శ్రద్ధ ఇలా కొంతైనా అందుతాయి. దగ్గరకు తీసుకోవడం మామ్మ పని. తల్లి ఫోన్‌లో ఒకటి, మామ్మ ఇంట్లో ఇంకోటి చెబితే పిల్లవాడు రెండింటి మధ్యలోంచి జారుకుంటాడు. కాబట్టి పుస్తకంలోంచి రాసుకున్న ఆ ఒక్క పని ఇద్దరికీ తెలియాలి.

సంక్రాంతి వస్తుంది. బరులు వెలుస్తాయి, కోడిపందేలు, పక్కనే గుండాట. ఊరంతా అక్కడే ఉంటే మన పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి "అది పాపం" అంటే వాడికి అర్థమయ్యేది తన స్నేహితులందరూ పాపులని మాత్రమే. జూదంలో డబ్బు పోగొట్టుకున్న ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో వయసుకు తగ్గట్టు మాట్లాడండి. ఆ మూడు రోజులకు వేరే సరదా కూడా మీరే చూపించాలి. పక్కింటి హిందూ స్నేహితుడి ఇంట్లో అరిసెలు తినవచ్చా అన్న ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది. 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు పిల్లలతో కలిసి చదివి మీ ఇంటి నిర్ణయం కారణంతో సహా చెప్పండి. ఏ నిర్ణయమైనా పొరుగువాళ్లను తక్కువ చేసే మాట లేకుండా చెప్పగలగాలి.

ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని అడగనివ్వం. బడి రికార్డులో ఒక పేరు, గుడిలో ఇంకో పేరు ఎందుకు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. ఆ హోదా పోకుండా రికార్డులో వేరే పేరు ఉంచుకుని మన డెల్టాలో చాలా కుటుంబాలు ఈ చిక్కులోనే బతుకుతున్నాయి. అబద్ధం ఆడకూడదని నేర్పిన పిల్లవాడు పన్నెండేళ్లకు ఈ సంగతి గమనిస్తాడు. "నోరు మూసుకో" అనకుండా కులం ఏమిటో, తాతల తరం ఎందుకు క్రీస్తు దగ్గరకు వచ్చిందో, చట్టం ఎలా ఉందో, మీ మనసులో ఉన్న బాధ ఏమిటో నిజంగా చెప్పండి. తల్లిదండ్రులు కూడా ఒక చిక్కులో ఉన్నారని తెలిస్తే పిల్లలు చులకన చేయరు. హృదయంతో హృదయం మాట్లాడాలని ట్రిప్ అన్నదమ్ములు పేజీలకు పేజీలు రాసినదానికి మన ఇంట్లో ఇంతకన్నా మంచి సందర్భం రాదు.

ఆరో అడుగు: పిల్లలకూ ఏదైనా ఇవ్వండి

చిన్నపిల్లలకు శాలీ లాయిడ్-జోన్స్ రాసిన 'ది జీసస్ స్టోరీబుక్ బైబిల్' (2007) బాగుంటుంది. పాత నిబంధన కథలను కూడా యేసు వైపు చూపిస్తూ చెబుతుంది. దావీదులా ధైర్యంగా ఉండు, దానియేలులా ఉండు అని నీతి కథలు చేసే మన సండే స్కూల్ అలవాటుకు అది మందు. లూథరన్ ఇళ్లలో 1529 నాటి లూథరు చిన్న కేటకిజం (ప్రశ్నలు, జవాబుల రూపంలో ఉన్న విశ్వాస బోధ) మర్చిపోవద్దు. ఇంటి పెద్ద ఇంట్లోవాళ్లకు నేర్పడానికే ఆయన దాన్ని రాశాడు, నిర్ధారణ తరగతికి బట్టీ పట్టడానికే అన్నట్టు మనం వాడుతున్నాం. ఇక ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రాసిన కీర్తన ఒకటి వారమంతా కుటుంబ ప్రార్థనలో పాడితే ఆదివారానికి పిల్లలకు నోటికి వచ్చేస్తుంది.

ఏడో అడుగు: ఒంటరిగా చదవకండి

1836లో బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీ దంపతులు వచ్చి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ నాటి నుంచి నరసాపురం చుట్టుపక్కల బ్రదరన్ సహవాసాల్లో గుండ్రంగా కూర్చుని వాక్యం చదివే అలవాటు ఉంది. పెంపకం పుస్తకానికీ అదే పద్ధతి సరిపోతుంది. ఐదారు కుటుంబాలు చాలు. తల్లులు లేసు అల్లుకుంటూ వింటారు, ఒకరు చదువుతారు. దాళ్వా కోతలు, నాట్ల రోజులు తప్పించి పెట్టుకోండి. తండ్రులు రావాలంటే ఆదివారం ఆరాధన అయిన వెంటనే అరగంట పెట్టండి, సాయంత్రం అంటే చెరువు దగ్గరకు పోతారు.

ఒక్క నియమం మాత్రం మొదటి రోజే చెప్పాలి: ఇక్కడ పిల్లల గురించి విన్నది బయట ప్రార్థన మనవిగా కూడా చెప్పకూడదు. ఇంటర్ చదివే అమ్మాయికి తన సంగతి స్త్రీల కూటంలో చర్చకు వచ్చిందని తెలిస్తే ఆ తర్వాత తల్లితో మాట్లాడదు.

పిల్లవాడు రోజుల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, చచ్చిపోతానని అన్నా పుస్తకం మూసేసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రార్థన ఆపమని కాదు, బండిలో కూర్చుని కూడా ప్రార్థన చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి-మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మొదటి పుస్తకం అయ్యాక వెంటనే రెండోది కొనవద్దు. మొదట రాసుకున్న కాగితం తీసి చూడండి. సమస్య అలాగే ఉంటే అదే పుస్తకంలో పెన్సిలు గీతలున్న పేజీలు మళ్లీ చదవండి. సమస్య మారి ఉంటే కొత్త కాగితం రాసి, పాత పుస్తకాన్ని పక్క కుటుంబానికి ఇచ్చేయండి. గీతలు చెరపకుండానే ఇవ్వండి, వాళ్లకు పనికొస్తాయి.